శాంక్షన్: లోన్ ఇచ్చేదీ అదే మాట, చమురు కంపెనీని కట్టడి చేసేదీ అదే మాట

2025 అక్టోబరు 22న అమెరికా ప్రభుత్వం రష్యాలోని రెండు అతి పెద్ద చమురు కంపెనీలైన రోస్‌నెఫ్ట్, లూకాయిల్‌పై శాంక్షన్లు విధించింది. టీవీ చర్చల్లో, బిజినెస్ పేజీల్లో ఆ మాట మోగిపోయింది. జిల్లా పేజీ తిప్పితే మాత్రం ఎప్పుడూ ఉండే వార్తే: ఫలానా మండలానికి రోడ్డు శాంక్షన్ అయింది, ఫలానా కాలేజీకి హాస్టల్ శాంక్షన్ అయింది. ఒకచోట అది శిక్ష, మరొకచోట వరం.

దీన్ని ఇంగ్లిష్ చేసే తమాషా అనుకుని వదిలేయొచ్చు. ఓవర్‌సైట్ అనే మాటకు పర్యవేక్షణ, పొరపాటు అని రెండు అర్థాలూ ఉన్నట్టే ఇదీ ఒకటి అనుకోవచ్చు. కానీ శాంక్షన్ విషయంలో ఆ రెండు అర్థాలూ ఎక్కడ విడిపోయాయో చూస్తే, అంతర్జాతీయ రాజకీయాల్లో ఈ రోజు నడుస్తున్న ఒక పెద్ద తగాదా మూలం కూడా అక్కడే కనిపిస్తుంది.

## మన దగ్గర శాంక్షన్ అంటే

తెలుగువాళ్ల నోట ఈ మాటకు ఒక్కటే అర్థం: మంజూరు. లోన్ శాంక్షన్, లీవ్ శాంక్షన్, పెన్షన్ శాంక్షన్, బిల్డింగ్ ప్లాన్ శాంక్షన్. ఈ వాడుక మనకు సర్కారు ఆఫీసు ఫైళ్ల నుంచి వచ్చింది. మంజూరు కూడా అలాంటి ఫైళ్ల మాటే. అరబ్బీలో దాని అసలు అర్థం ‘చూడబడినది’. నజర్ అనే మాటతో దానికి చుట్టరికం. పైవాడు చూశాడు, సరే అన్నాడు, అంతే.

అయితే ఆఫీసు భాషలో శాంక్షన్ అయిందంటే పని అయిపోయిందని కాదు. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒకాయన 60 లక్షల ఫ్లాట్ కొంటున్నాడు, బ్యాంకు 45 లక్షలు శాంక్షన్ చేసింది అనుకుందాం. శాంక్షన్ లెటర్ చేతిలో ఉంది కానీ డబ్బు లేదు. ఆ లెటర్‌కు గడువు ఉంటుంది. ఫ్లాట్ కాగితాలపై లాయర్ ఒపీనియన్ రావాలి, ఇంజినీరు విలువ కట్టాలి. ఆ తర్వాత కూడా ఇల్లు కడుతున్న దశలోనే ఉంటే, శ్లాబు పడే కొద్దీ కొంచెం కొంచెంగా విడుదల చేస్తారు. శాంక్షన్ అంటే ‘ఇంతవరకూ ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు’ అని అధికారం ఉన్నవాడు చెప్పిన మాట మాత్రమే.

ప్రభుత్వ పనుల్లో ఈ దూరం ఇంకా ఎక్కువ. రోడ్డుకు ముందు పరిపాలనా అనుమతి వస్తుంది, దాన్నే అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ అంటారు. జీవో వచ్చేది, ఫ్లెక్సీలు కట్టేది అప్పుడే. తర్వాత ఇంజినీర్లు అంచనాలు వేసి టెక్నికల్ శాంక్షన్ ఇవ్వాలి. ఆపైన టెండరు, అగ్రిమెంటు, బిల్లులు. మొదటి శాంక్షన్ నాటి ఎమ్మెల్యే మాజీ అయ్యాక కూడా రోడ్డు పడకపోవడంలో వింతేమీ లేదు. కోర్టుల సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన న్యాయమూర్తుల పోస్టులు 37, తెలంగాణ హైకోర్టుకు 42. శాంక్షన్డ్ స్ట్రెంగ్త్ అనే ఈ అంకె కాగితం మీదిది. బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారన్నది వేరే లెక్క.

## వాక్యంలో ఏ అర్థమో పట్టుకోవడం ఎలా

ఇంగ్లిష్ వాక్యంలో ఈ మాట తగిలితే చాలావరకు వ్యాకరణమే దారి చూపిస్తుంది. నామవాచకం ఏకవచనంలో ఉంటే, అంటే ‘విత్ ద శాంక్షన్ ఆఫ్ ద కోర్ట్’ అని ఉంటే, అది అనుమతి. బహువచనంలో ఉండి పక్కన ‘ఆన్’ గానీ ‘అగెనెస్ట్’ గానీ ఉంటే శిక్ష. ‘శాంక్షన్స్ ఆన్ ఇరాన్’ అన్నది చదివి ఇరాన్‌కు ఏదో మంజూరైందని ఎవరూ అనుకోరు.

క్రియగా వాడినప్పుడు కర్మను చూడాలి. శాంక్షన్ చేసింది పనినా, మనిషినా? ప్రాజెక్టును, ఖర్చును, టోర్నమెంటును శాంక్షన్ చేశారంటే సరే అన్నారని. మంత్రిని, బ్యాంకును, దేశాన్ని శాంక్షన్ చేశారంటే దండించారని. అమెరికాలో ‘జడ్జి లాయర్‌ను శాంక్షన్ చేశారు’ అని వార్త వస్తే, ఆ లాయర్‌కు జరిమానానో మందలింపో పడిందన్నమాట. ఇక్కడినుంచి వెళ్లినవాళ్లు మొదటిసారి చదివినప్పుడు తికమకపడడం సహజం. మన చెవికి అది లాయర్‌కు ఏదో పర్మిషన్ దొరికినట్టు వినిపిస్తుంది.

ఈ సూత్రం విశేషణం దగ్గర బెడిసికొడుతుంది. శాంక్షన్డ్ పోస్ట్ అంటే ప్రభుత్వం ఒప్పుకున్న పోస్టు. శాంక్షన్డ్ ట్యాంకర్ అంటే ఎవరూ ముట్టుకోకూడదని జాబితాకెక్కిన ఓడ. పోస్టూ వస్తువే, ట్యాంకరూ వస్తువే, అర్థాలు మాత్రం ఎదురెదురు. ఇక ‘స్టేట్ శాంక్షన్డ్ వయొలెన్స్’ అంటే ప్రభుత్వం శిక్షించిన హింస అని కాదు, ప్రభుత్వం అండతో జరిగిన హింస అని. ఇక్కడ సందర్భం తెలియకుండా వ్యాకరణం ఒక్కటే ఏమీ చేయలేదు.

అందుకే శిక్ష అనే అర్థంలో దీన్ని క్రియగా వాడొద్దని, ‘ఇంపోజ్ శాంక్షన్స్’ అని విడగొట్టి రాయమని చెప్పే పాతకాపులు ఇంగ్లిష్‌లో ఉన్నారు. జనం వాడుతున్నారు, అర్థమవుతోంది, ఇంకేం అనేది రెండో పక్షం. మన పత్రికలు ఈ గొడవలో ఇరుక్కోలేదు. ఒకదానికి మంజూరు, రెండోదానికి ఆంక్షలు అని రెండు మాటలు పెట్టుకుని హాయిగా ఉన్నాయి.

## రోము నగరపు గోడ

ఇప్పుడు అసలు ఊరికి వెళ్దాం. లాటిన్‌లో సాంకిరె అని ఒక క్రియ. పవిత్రం చేయడం, దాటరానిదిగా శాసించడం అని దాని అర్థం. దాన్నుంచి పుట్టిందే సాంక్టుస్ అనే మాట. సాంక్టుస్ సంతానం మనకు బాగా తెలుసు: కాన్వెంట్ స్కూళ్ల పేర్ల ముందుండే సెయింట్, పులుల అభయారణ్యానికి వాడే శాంక్చురీ. శాంక్షన్ వాళ్ల తోబుట్టువే.

క్రీ.శ. 533లో రోమన్ చక్రవర్తి జస్టీనియన్ పేర వెలువడిన ఇన్‌స్టిట్యూట్స్ అనే న్యాయ పాఠ్యగ్రంథంలో దీని గురించి ఒక చక్కని వివరణ ఉంది. నగరపు గోడలు, ద్వారాలు సాంక్టే అట. అంటే దేవుడి సొత్తు కాకపోయినా ఒక విధంగా దైవాధీనం, ఎవరి సొంతమూ కానివి. వాటిని అవమానించినవాడికి మరణశిక్ష. ఆ వెంటనే ఇంకో మాట వస్తుంది: అందుకే చట్టాల్లో, వాటిని మీరినవారికి శిక్ష ఏమిటో చెప్పే భాగాలను సాంక్షియోనెస్ అంటున్నాం అని. రోము పుట్టుక గాథలో, ఆ నగరాన్ని కట్టిన రోములస్ తమ్ముడు రీమస్ ప్రాణం పోయింది కొత్త గోడ దూకినందుకేనని రోమన్ న్యాయవేత్తలు కూడా ఉదహరించేవారు.

కాబట్టి మొదట్లో ఈ మాటలో అనుమతీ లేదు, ఆంక్షా లేదు. ఉన్నది ఒక గీత. ఇది దాటకూడదు, దాటితే ఇదీ శిక్ష. గీతను గీతగా నిలబెట్టేది ఆ శిక్షే. చట్టానికి బలం ఇవ్వడం, మీరినవాడిని దండించడం రోమన్ల లెక్కలో రెండు పనులు కావు.

శిక్ష రాయకుండా చట్టం చేయొచ్చా? చేయొచ్చు, రోమన్లు వాటికి కూడా పేర్లు పెట్టారు. మీరి చేసిన పనిని చెల్లకుండా చేసేది పూర్ణ చట్టం. పని చెల్లుతుంది కానీ చేసినవాడికి దండన పడుతుంది అంటే అది అంతకంటే ఒక మెట్టు తక్కువ. రెండూ లేకపోతే అపూర్ణ చట్టం. ఈ మూడు గదుల పెట్టె ఇప్పటికీ పనికొస్తుంది. మన 2006 బాల్య వివాహాల నిషేధ చట్టాన్ని తీసుకోండి. పెళ్లి చేసినవాళ్లకు, జరిపించినవాళ్లకు, మైనరును చేసుకున్న పెద్దవాడికి శిక్ష ఉంది. కానీ ఆ పెళ్లి మామూలుగా దానంతట అది రద్దవదు. బాల్యంలో పెళ్లయినవారు కోర్టుకు వెళ్లి రద్దు కోరాలి. ఇది రెండో గది. రాజ్యాంగం 51ఎ అధికరణలోని ప్రాథమిక విధులకు ఆ అధికరణలో ఏ శిక్షా రాయలేదు. అది మూడో గది.

## మాట ఎక్కడ చీలింది

ఇంగ్లిష్‌లోకి ఈ మాట 16వ శతాబ్దంలో వచ్చింది, శాసనం అనే అర్థంతో. యూరప్ రాజులు గంభీరమైన శాసనాలను ప్రాగ్మాటిక్ శాంక్షన్ అనేవారు. వాటిలో పేరుమోసింది 1713లో వియన్నా నుంచి ఏలిన చక్రవర్తి ఆరో చార్లెస్ చేసింది. తన హాబ్స్‌బర్గ్ వంశపు ఆస్తి అంతా ముక్కలు కాకుండా ఉండాలని, కొడుకులు లేకపోతే కూతురికే దక్కాలని దాని సారాంశం. 1740లో ఆయన పోగానే కూతురు మరియా థెరీసా హక్కును పొరుగు రాజులు కాదన్నారు, యుద్ధం మొదలైంది. ఇంగ్లండు, ఫ్రాన్సు చెరో పక్షం చేరాయి. ఆ వేడి ఇక్కడిదాకా పాకి, 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. వియన్నా రాజు వీలునామాలాంటి కాగితానికి మద్రాసు జార్జి కోట మీద జెండా మారింది!

ఆ శాసనం అనే అర్థం నుంచి ‘పైవాడి ఆమోదముద్ర’ అనే అర్థానికి దూరం తక్కువే. చట్టసభ బిల్లు పాస్ చేస్తుంది, రాజు శాంక్షన్ ఇస్తేనే అది చట్టం. 18వ శతాబ్దం చివరికి అది క్రియ కూడా అయింది: ఆమోదించడం, అనుమతించడం. ఈస్టిండియా కంపెనీ, ఆపైన రాణి పాలనలో మన ఆఫీసులకు చేరింది ఈ కొమ్మే.

రెండో కొమ్మను పెంచింది న్యాయ తత్వవేత్తలు. జెరెమీ బెంథామ్ 1789లో ప్రచురించిన గ్రంథంలో మనిషిని అదుపులో ఉంచే శాంక్షన్లు నాలుగు రకాలన్నాడు: ప్రకృతి, రాజ్యం, లోకం, దైవం. తాగి నడిపి చెట్టును గుద్దితే కాలు విరగడం మొదటిది, లైసెన్సు పోవడం రెండోది, ఊళ్లో పరువు పోవడం మూడోది, పాపభీతి నాలుగోది (ఉదాహరణ నాది, వర్గీకరణ ఆయనది). బెంథామ్ శాంక్షన్‌లో సుఖం ఆశ కూడా ఉంది, బాధ భయమూ ఉంది. 1832లో జాన్ ఆస్టిన్ దాన్ని ఇంకా బిగించాడు. చట్టం అంటే సార్వభౌముడి ఆజ్ఞ, ఆజ్ఞ మీరితే జరిగే కీడే శాంక్షన్ అన్నాడు. అలా బహుమానం బయటికి పోయి శిక్ష ఒక్కటే మిగిలింది. అయినా ఒక మనిషిని లేదా దేశాన్ని ‘శాంక్షన్ చేయడం’ అనే క్రియారూపం స్థిరపడింది 20వ శతాబ్దం మధ్యలోనే. మన తాతలు లోన్లు శాంక్షన్ చేయించుకుంటున్న రోజుల్లో ఆ వాడుక ఇంగ్లిష్‌లోనే కొత్త.

## శిక్షించడానికి అనుమతి

రెండు అర్థాలూ ఒకదాని మీద ఒకటి పడే చోటు మన చట్టాల్లోనే ఉంది. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగిపై కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం ‘శాంక్షన్’ ఇవ్వాలి. పేపర్లో ‘ప్రాసిక్యూషన్‌కు శాంక్షన్’ అని చూసి శిక్ష పడిందనుకునేవాళ్లు ఉన్నారు. అది కాదు. విచారించడానికి అడ్డు తొలగిందని మాత్రమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 197, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలోని 218 సెక్షన్లలోనూ ఇదే ఏర్పాటు.

ఇందులో ఇంకో మెలిక. 2018లో అవినీతి నిరోధక చట్టానికి 17ఎ అని కొత్త సెక్షన్ చేర్చారు. అది అడిగేది శాంక్షన్ కాదు, అప్రూవల్. విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయాల మీద పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికే ముందస్తు అప్రూవల్ కావాలి. 19 వర్తించేది దర్యాప్తు అయ్యాక, కోర్టు గుమ్మం దగ్గర. తెలుగు వార్తల్లో రెండూ ‘అనుమతి’ అయిపోతాయి కాబట్టి, ఏ దశ అనుమతో చెప్పకపోతే పాఠకుడికి కథ తలకిందులుగా అర్థమవుతుంది.

ఇలాంటి ముందస్తు అనుమతి నిజాయితీగా పనిచేసే అధికారికి కవచం అని ఒక వాదం. ప్రతి నిర్ణయానికీ ఎవరో ఒకరు కేసు పెడితే ఫైలు మీద సంతకం పెట్టేవాడే ఉండడని వాళ్లంటారు. శిక్షించాలా వద్దా అనే తాళం పాలకుల చేతికే ఇస్తే తమవాళ్లను కాచుకుంటారు, పరాయివాళ్లను ఇరికిస్తారు అని రెండో వాదం. రెండింటికీ మన దగ్గర ఉదాహరణలు దొరుకుతాయి.

## దేశాల మీద దేశాలు

రోములో గీత గీసినవాడు రాజ్యం. దేశాల మధ్య ఆ గీత ఎవరు గీస్తారు? మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి ఆ పని తనదంది. దాని ఒడంబడిక 16వ అధికరణ ప్రకారం నియమం మీరి యుద్ధానికి దిగిన సభ్యదేశంతో మిగతావాళ్లు వ్యాపారం, లావాదేవీలు తెంచుకోవాలి. 1935లో ఇటలీ ఇథియోపియా మీద పడినప్పుడు నవంబరులో శాంక్షన్లు మొదలుపెట్టారు. చమురును మాత్రం జాబితాలో పెట్టలేదు. ముస్సోలినీ సైన్యానికి కావలసిందల్లా చమురే! 1936 మేలో అడిస్ అబాబా పడిపోయింది, జులైలో శాంక్షన్లు ఎత్తేశారు.

ఐక్యరాజ్యసమితి ఛార్టర్ 41వ అధికరణ అదే పనిని భద్రతామండలికి అప్పగించింది. విచిత్రం ఏమంటే అందులో శాంక్షన్ అనే మాట లేదు. ‘సాయుధ బలం ఉపయోగించని చర్యలు’ అని ఉంది. 1966లో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), 1977లో దక్షిణాఫ్రికాకు ఆయుధాల నిషేధం, 1990లో ఇరాక్ ఆ దారిలోవే. దక్షిణాఫ్రికాతో వ్యాపారం 1946లోనే తెంచుకున్న దేశం మనదని గుర్తుంచుకోవాలి. అది ఒంటరిగా తీసుకున్న నిర్ణయం.

ఈ రోజు వార్తల్లో వచ్చే శాంక్షన్లలో ఎక్కువ భాగం భద్రతామండలివి కావు, అమెరికావో యూరోపియన్ యూనియన్‌వో. అవి ఎలా పనిచేస్తాయో తెలియాలంటే అమెరికా ఖజానా శాఖ నడిపే జాబితా చూడాలి. అందులో పేరు ఎక్కితే అమెరికాలో ఉన్న ఆస్తులు స్తంభిస్తాయి, అమెరికన్లు ఎవరూ వాళ్లతో లావాదేవీ చేయకూడదు. డాలర్లలో జరిగే చెల్లింపులు చాలావరకు ఎక్కడో ఒకచోట అమెరికా బ్యాంకు గుండా పోవాల్సిందే కాబట్టి దెబ్బ ప్రపంచమంతా తగులుతుంది.

పేరు లేకపోయినా తప్పించుకోలేరు. జాబితాకెక్కినవాళ్లకు సగం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్న కంపెనీకి కూడా అదే గతి. ఒక కంపెనీలో జాబితాలో ఉన్న ఒకాయనకు 30 శాతం, జాబితాలోనే ఉన్న ఇంకొకాయనకు 25 శాతం ఉన్నాయనుకోండి. విడివిడిగా ఎవరికీ సగం లేదు. కానీ 2014 నుంచి వాటాలు కలిపి చూస్తున్నారు: మొత్తం 55. ఆ కంపెనీ పేరు ఎక్కడా లేకపోయినా అది కట్టడిలో ఉన్నట్టే. విదేశాల నుంచి పంపిన డబ్బు పేరు పోలిక వల్ల రెండు మూడు రోజులు బ్యాంకులో ఆగిపోవడం కూడా ఈ జాబితాల పుణ్యమే. సాఫ్ట్‌వేర్ ముందు ఆపుతుంది, మనిషి తర్వాత చూసి వదులుతాడు.

ఈ రుచి మనకూ తెలుసు. 1992లో రాకెట్లకు వాడే క్రయోజనిక్ ఇంజిన్ల ఒప్పందం మీద అమెరికా ఇస్రోనూ రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్‌నూ రెండేళ్లపాటు శాంక్షన్ చేసింది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆర్థిక ఆంక్షలతో పాటు ఎన్నో భారతీయ సంస్థలను ఎగుమతి నియంత్రణ జాబితాలో పెట్టింది. ఆర్థిక ఆంక్షలు 2001లో పోయాయి. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్, శ్రీహరికోట కేంద్రం పేర్లు ఆ జాబితా నుంచి తొలగడానికి 2011 దాకా పట్టింది.

## దాన్ని శాంక్షన్ అనవచ్చా అన్న తగాదా

ఇక్కడే రోము గోడ మళ్లీ అడ్డొస్తుంది. శాంక్షన్ అంటే చట్టం మీరినవాడికి పడే శిక్ష అయితే, ఏ చట్టం, ఎవరి తీర్పు? రష్యా, చైనా, ఇరాన్ లాంటి దేశాల వాదన: భద్రతామండలి చెప్పనిదాన్ని శాంక్షన్ అనడమే తప్పు, అది ‘ఏకపక్ష నిర్బంధ చర్య’. ఐరాస సర్వసభ్య సభ తీర్మానాల్లో ఈ పేరు చాలాకాలంగా ఉంది. అమెరికా, యూరప్ దేశాల జవాబు: మా బ్యాంకులు, మా మార్కెట్లు, ఎవరితో వ్యాపారం చేయాలో మా ఇష్టం, పైగా మండలిలో వీటో ఉన్నవాడే దాడి చేస్తే మండలి ఏం చేయగలదు? 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దండయాత్ర విషయంలో ఆ ప్రశ్నను తోసేయడం కష్టం. మూడో దేశం మీద కూడా కొరడా ఝళిపించే సెకండరీ శాంక్షన్ల దగ్గర మాత్రం ‘మా మార్కెట్ మా ఇష్టం’ అనే వాదం పలచబడుతుందని నా అభిప్రాయం.

భారత్ అధికారిక వైఖరి ఐరాస శాంక్షన్లనే గుర్తిస్తాం, ఏకపక్షంగా విధించినవి కాదు అని. అయినా అమెరికా ఇచ్చిన మినహాయింపు 2019 మేలో ముగియగానే ఇరాన్ చమురు కొనడం ఆపేశాం.

2025 ఆగస్టు 27 నుంచి రష్యా చమురు కొంటున్నందుకని మన సరుకుల మీద అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసినప్పుడు ఈ తికమక మన రొయ్యల చెరువుల దాకా వచ్చింది. కొన్ని చర్చల్లో దాన్ని కూడా సెకండరీ శాంక్షన్ అన్నారు. మాటను కచ్చితంగా వాడితే అది సుంకమే. సుంకం కడితే భీమవరం రొయ్య అమెరికా రేవులో దిగుతుంది, ఖరీదు పెరుగుతుంది, అంతే. శాంక్షన్ పడినవాడి సరుకు సుంకం కడతానన్నా దిగదు. కాకపోతే ఫలానా పని చేశావు కాబట్టి ఇది అనుభవించు అనే షరతు దాంట్లో ఉంది. ఆస్టిన్ చెప్పిన శాంక్షన్ లక్షణం అదే. అందుకే దాన్ని సుంకం అన్నవాళ్లు ఎలా వసూలు చేస్తారో చూశారు, శాంక్షన్ అన్నవాళ్లు ఎందుకు వేశారో చూశారు.